గజెబో కట్టే ముందు నాలుగింటి ఎండ చూడండి

మూడేళ్ల కిందట గుంటూరులో మా పెరట్లో ఒక గజెబో, అంటే గోడల్లేని తోట మండపం, పెట్టించాం. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించుకున్న రెడీమేడ్ సరుకు అది. నాలుగు సన్నటి ఇనప పైపులు, పైన గుడ్డ కప్పు. మార్చిలో బిగించాం. అమ్మ సాయంత్రం నాలుగింటికి టీ గ్లాసు పట్టుకుని అందులో కూర్చుంటే ఎండ నేరుగా మొహం మీదే కొట్టేది. పడమటి పైపులకి పాత చీర ఒకటి కట్టుకుని సర్దుకుంది. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. పది నిమిషాల్లో ఆ కప్పు, పైపులు అన్నీ కలిసి ప్రహరీ దాటి పక్కింటి మామిడిచెట్టు మీద వాలాయి. ఆ సమయంలో కింద ఎవరూ లేరు, అదే అదృష్టం. మర్నాడు చూస్తే పైపుల చివర్లలో పిడికెడేసి సిమెంటు ముద్దలు, ముల్లంగి పీకినట్టు మట్టితో సహా ఊడి వచ్చి ఉన్నాయి.

రెండోసారి కట్టించేటప్పుడు తొందరపడలేదు. తెలిసిన సివిల్ ఇంజనీర్‌ని అడిగాను, ఇద్దరు వెల్డర్లతో మాట్లాడాను, ఎండ ఎటు నుంచి ఎంత వాలుగా వస్తుందో నేనే లెక్క వేసుకున్నాను. అప్పుడు తెలిసింది, అందరూ మొదట అడిగే ప్రశ్న (ఏ డిజైన్? ఎన్ని మూలలు? ఏ రంగు?) నిజానికి చిట్టచివర అడగాల్సిందని. మన దగ్గర గజెబో అంటే ముందు తేలాల్సినవి మూడు: ఎండ, గాలి, నేల. ఆ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అందుకే ఇది పైకి కనిపించినంత తేలిక పని కాదు.

గజెబో అనే మాట ఇంగ్లీషులోకి పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చింది. చల్లటి దేశంలో, తోట మధ్యలో, చినుకు తగలకుండా కూర్చుని చుట్టూ చూడటానికి కట్టుకున్న కట్టడం అది. అక్కడ ఎండ పడితే సంతోషం. మనకి ఎండ నుంచి తప్పించుకోవడమే పని. శ్రీరామనవమికి వీధి వీధినా వేసే చలువ పందిరి చూడండి. తాటాకు కప్పు, కిందికి దిగిన చూరు, అవసరమైతే పడమటి వైపు తడక. మన వాతావరణానికి పుట్టిన గజెబో అది. కేటలాగ్‌లో కనిపించే ఎత్తైన, నాలుగు వైపులా తెరిచిన తెల్లటి మండపాన్ని యథాతథంగా తెచ్చి పెరట్లో పెడితే, అది ఫొటోలో బాగుంటుంది, మే నెలలో ఖాళీగా ఉంటుంది.

ఎండ నెత్తి మీద కాదు, పక్క నుంచి

పైకప్పు ఉంటే నీడ ఉంటుందని అనుకుంటాం. మధ్యాహ్నానికి అది నిజమే. విజయవాడ, గుంటూరు భూమధ్యరేఖకి ఉత్తరాన సుమారు పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నాయి. అందువల్ల మే మొదటి వారంలో ఒక రోజు, మళ్లీ ఆగస్టు మొదటి వారం చివర్లో ఒక రోజు, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు. ఆ వేళకి కప్పు తన పని తాను చేస్తుంది. కానీ మే నెల మధ్యాహ్నం పన్నెండింటికి పెరట్లో ఎవరు కూర్చుంటారు? మనం బయటికి వచ్చేది నాలుగు, అయిదు గంటలకి.

మే మొదట్లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు నేల నుంచి దాదాపు 34 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. గజెబో చూరు 8 అడుగుల ఎత్తులో ఉంటే, ఆ వాలుకి ఎండ పడమటి అంచు నుంచి లోపలికి 12 అడుగుల దాకా వస్తుంది. పది అడుగుల గజెబోలో నేలంతా ఎండే అన్నమాట. కప్పు నీడ వృథాగా పోయి తూర్పున ఉన్న గడ్డి మీద పడుతుంది. అయిదింటికి సూర్యుడు 20 డిగ్రీలకి దిగుతాడు, ఎండ 22 అడుగులు లోపలికి వస్తుంది. మా అమ్మ పైపులకి చీర అడ్డం కట్టాల్సి వచ్చింది ఇందుకే. గజెబో తయారీలో లోపమేమీ లేదు, దాన్ని పెట్టిన చోటులోనే ఉంది.

దీనికి మూడు విరుగుడులున్నాయి. అన్నిటికంటే మంచిది, ఖర్చులేనిది, గజెబోని ఇంటికి తూర్పు వైపు పెట్టడం. రెండంతస్తుల ఇల్లు 22 అడుగుల ఎత్తు ఉందనుకుంటే, అదే నాలుగింటికి దాని నీడ తూర్పుకి 33 అడుగుల దాకా పరుచుకుంటుంది. ఆ నీడలో గజెబో ఉంటే పడమటి ఎండ సమస్యే లేదు. ఉదయం కాస్త ఎండ పడుతుంది, అది హాయిగానే ఉంటుంది.

తూర్పున జాగా లేనివాళ్లు చూరు దించాలి. కుర్చీలో కూర్చున్న మనిషి తల నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది. చూరు 8 అడుగుల దగ్గర ఉంటే, నాలుగింటికి పడమటి అంచు నుంచి ఆరు అడుగుల లోపు కూర్చున్న ప్రతివాళ్ల మొహానికీ ఎండ తగులుతుంది. అదే పడమటి వైపు మాత్రం చూరుని ఆరున్నర అడుగులకి దించి, స్తంభాల నుంచి రెండు అడుగులు బయటికి సాగదీస్తే, మొహం ఎత్తులో ఎండ స్తంభాల లోపలికి రెండడుగుల కంటే తక్కువే వస్తుంది. మన పాత పాకల చూర్లు మనిషి వంగి లోపలికి వెళ్లేంత కిందికి ఎందుకు ఉండేవో ఈ లెక్క వేశాక నాకు బాగా అర్థమైంది.

అయిదు దాటాక చూరు కూడా చాలదు. అప్పటికి అడ్డం ఉండాల్సింది పక్కనే. రాధామనోహరం తీగ గానీ, దొండపాదు గానీ పడమటి వైపు జాలీకి పాకిస్తే సరిపోతుంది. ఒక చిన్న వివరం గుర్తుంచుకోవాలి. ఎండాకాలంలో మన దగ్గర సూర్యుడు సరిగ్గా పడమట దిగడు, కొంచెం ఉత్తరానికి జరిగి దిగుతాడు. కాబట్టి ఆ తీగ తడక పడమటి వైపుతో ఆగిపోకుండా వాయవ్య మూల దాటి రెండు మూడు అడుగులు తిరగాలి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు, అప్పుడు మధ్యాహ్నం కూడా దక్షిణం వైపు నుంచి ఎండ ఆరేడు అడుగులు లోపలికి వస్తుంది. చలికాలం కాబట్టి దాన్ని ఆపనక్కర్లేదు.

కొనేముందు ఒక పని చేయండి. ఎనిమిది అడుగుల వెదురు బొంగులు నాలుగు పాతి, పైన దుప్పటి కట్టి, ఏప్రిల్, మే నెలల్లో ఒక ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా కింద కుర్చీ వేసుకుని కూర్చోండి. జాగా సరైందో కాదో ఆ రెండు గంటల్లో తేలిపోతుంది.

వాస్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఈ చర్చ రాకుండా ఉండదు. ఈశాన్యంలో బరువు పెట్టవద్దంటారు, నైరుతిలో పెట్టమంటారు. నైరుతిలో పెడితే సాయంత్రం ఎండ మొత్తం మీదే. తూర్పు గోడ మధ్య నుంచి ఆగ్నేయం వైపు జరిపి పెడితే ఈశాన్యం ఖాళీగా ఉంటుంది, ఇంటి నీడా దక్కుతుంది. మా ఇంట్లో అలాగే చేశాం, అమ్మకీ తృప్తి, నాకూ తృప్తి.

గాలి కిందికి తొయ్యదు, పైకి లాగుతుంది

గోడల్లేని కప్పు అంటే తెరిచిన గొడుగే. గాలి కింద దూరి పైకి ఎత్తుతుంది, పై నుంచి జారిపోతూ మరికాస్త లాగుతుంది. ఇల్లు బరువుకి కుంగకుండా చూసుకుంటాం. గజెబో తేలికై ఎగరకుండా చూసుకోవాలి. వెల్డర్లతో, మేస్త్రీలతో మాట్లాడేటప్పుడు ఈ తేడా స్పష్టంగా చెప్పకపోతే వాళ్లు అలవాటు ప్రకారం బరువు లెక్కే చూస్తారు.

మన దేశపు గాలి ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం, విజయవాడకి సెకనుకి 50 మీటర్ల వేగం లెక్కలోకి తీసుకోమంటుంది. గంటకి 180 కిలోమీటర్లు. ఇది రోజూ వీచే గాలి కాదు, తుఫాను రోజు కొట్టే విసురు. కానీ 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటిందని మర్చిపోకూడదు. ఆ వేగంలో చదరపు మీటరుకి సుమారు 150 కిలోల ఒత్తిడి. పదడుగుల చదరపు కప్పు తొమ్మిది చదరపు మీటర్ల పైమాటే, అంటే మొత్తం 1400 కిలోలు. ఊరి మధ్యలో ఇళ్ల చాటున, కప్పు వాలుని బట్టి ఇది తగ్గుతుంది. సగానికి సగం తగ్గించుకున్నా 700 కిలోలు పైకి లాగుతున్నట్టు.

ఇప్పుడు కింద పట్టుకునేది ఎంతో చూడండి. మామూలుగా మేస్త్రి తవ్వేది అడుగున్నర చదరం, అడుగు లోతు గుంట. అందులో పట్టే కాంక్రీటు 150 కిలోలు. నాలుగు కాళ్లకి 600. ఫ్రేము, రేకులు కలిపి ఇంకో 250 వేసుకున్నా ఒడ్డున పడ్డట్టు కాదు, ఎందుకంటే గాలి నాలుగు కాళ్లనీ సమానంగా లాగదు. ఎదురుగా ఉన్న రెండు కాళ్ల మీదే భారం ఎక్కువ. పైగా తుఫాను వేళకి మట్టి నానిపోయి పట్టు వదిలేస్తుంది. అదే రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గుంటైతే ఒక్కో కాలికీ 800 కిలోల పైన కాంక్రీటు పడుతుంది. గుంట పెద్దదైనందుకు అదనంగా అయ్యే ఖర్చు మొత్తం ఖర్చులో చిన్న భాగమే. నేను ఎవరు అడిగినా చెప్పే మాట ఇదే: పైన అలంకారం తగ్గించుకోండి, కింద కాంక్రీటు తగ్గించవద్దు.

పైపుని నేరుగా కాంక్రీటులో పాతకుండా, ఇనప చట్రానికి కట్టిన బోల్టులు కాంక్రీటులో నిలబెట్టి, పైన బేస్ ప్లేటు (స్తంభం అడుగున ఉండే ఇనప పలక) బిగించాలి. ఆ ప్లేటు నేల మీద నీళ్లు నిలిచే మట్టం కంటే మూడు నాలుగు అంగుళాలు పైన ఉండాలి. పైపు తుప్పు పట్టేది ఎప్పుడూ నేలని తాకే చోటే. స్తంభం, దూలం కలిసే మూలల్లో ఏటవాలు పట్టీలు పెట్టించాలి, లేకపోతే కప్పు ఎగరకపోయినా మొత్తం పక్కకి ఊగుతుంది. కప్పు నడినెత్తిన చిన్న రెండో కప్పు పెట్టి మధ్యలో అరడుగు ఖాళీ వదిలితే గాలి ఒత్తిడి కొంత అందులోంచి పోతుంది, వేడిగాలి కూడా పోతుంది.

వెల్డింగు పని చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటే పలచటి పైపు వచ్చే అవకాశం ఉంది, కిలో లెక్కన మాట్లాడుకుంటే అవసరం లేని ఇనుము వచ్చి పడవచ్చు. ఎలా మాట్లాడుకున్నా పైపు మందం ముందే కాగితం మీద రాయించుకోండి, సరుకు దిగినప్పుడు పైపు చివర కొలిచి చూడండి.

నల్లరేగడి చేసే పని

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి పత్తికి, మిరపకి బంగారం. స్తంభానికి మాత్రం పరీక్ష. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. మా పాత చప్టా పక్కన మే నెలలో రూపాయి బిళ్ల నిలువుగా దూరేంత నెర్రె ఉండేది. వానలు పడ్డాక చూస్తే గీత కూడా కనిపించేది కాదు. ఆ కదలిక ఏటా చప్టాని ఎత్తి దించుతూనే ఉంది.

తోటలో ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. రెండోసారి పనికి వచ్చిన మేస్త్రికి పాత సిమెంటు ముద్ద చూపించాను. దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, "గుంట సంగతి నేను చూసుకుంటానండీ. మీరు మాత్రం పూలమొక్కల నీళ్లు ఈ కాలు దగ్గరికి రానివ్వకండి" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఒక కాలు రోజూ తడుస్తుంది, మూడు కాళ్లు ఎండుతాయి. తడిసింది లేస్తుంది, ఎండింది దిగుతుంది. రెండేళ్లలో పందిరి ఒరిగిపోతుంది" అన్నాడు. నిజంగా అదే అసలు విషయం. నేలంతా ఒకేలా ఉబ్బితే గజెబోకి పెద్ద నష్టం లేదు. ఒక పక్క మాత్రమే ఉబ్బడం వల్లే ఒరుగుతుంది. తోట అంటేనే ఒక చోట నీళ్లు, ఒక చోట ఎండ. కాబట్టి పాదులు స్తంభాల నుంచి కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి, చప్టా నీళ్లు బయటికి వాలుగా పోవాలి, నాలుగు స్తంభాలనీ నేల మట్టంలో ఒక కాంక్రీటు బీముతో కలిపేయాలి. పునాది కింద రేగడి కొంత తీసి ఇసుక, గ్రావెల్ వేసి దిమ్మిస కొట్టించాలి. పడమటి వైపు తీగ కావాలనుకున్నాం కదా, దాన్ని కుండీలో గానీ, స్తంభానికి దూరంగా పాదు తీసి గానీ పెంచండి.

రేగడి మరీ లోతుగా ఉన్నచోట ఇంజనీర్లు అండర్ రీమ్డ్ పైల్ చెబుతారు. సన్నటి బోరు గుంట తవ్వి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి, ఇనుముతో కాంక్రీటు నింపుతారు. మన దేశంలో రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దీని మీద చాలా పని చేసింది. రేగడి ఉబ్బి తగ్గే పొర దాటి మూడున్నర మీటర్ల లోతుకి వెళుతుంది కాబట్టి పైన మట్టి ఏం చేసినా కదలదు. అడుగున ఉన్న ఉల్లిగడ్డ వల్ల గాలికీ పైకి రాదు. చిన్న గజెబోకి ఇది ఎక్కువే అనిపించవచ్చు, కానీ నేల, గాలి రెండు సమస్యలనీ ఒకే దెబ్బతో తీర్చే పద్ధతి ఇది.

విజయవాడలో నేల చోటుని బట్టి మారుతుంది. కొండల అంచున రాయి తగులుతుంది, నది వైపు ఒండ్రు, ఇసుక. అక్కడ రేగడి బెడద కన్నా నీళ్ల బెడద ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచిన తీరు చూసినవాళ్లు పల్లపు కాలనీల్లో చప్టా ఎత్తు, కరెంటు ప్లగ్గుల ఎత్తు విషయంలో ఆలోచించకుండా ఉండలేరు. ప్లగ్గులు నాలుగు అడుగుల పైన పెట్టండి. బయట వైరింగుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి, తడి కాళ్లతో నడిచే చోటు అది.

కప్పు దేనితో అన్నదానికి నా అభిప్రాయం ఇది. రేకు అయితే లేత రంగుది తీసుకుని, కింద నాలుగైదు అంగుళాల ఖాళీ వదిలి వెదురు చాప గానీ బోర్డు గానీ తాపడం చేయించాలి. వట్టి రేకు కింద కూర్చుంటే నీడ ఉన్నా నెత్తి మీద పెనం ఉన్నట్టే ఉంటుంది. పారదర్శకంగా ఉండే పాలీకార్బనేట్ షీటు మన ఎండకి పనికిరాదు. పెంకు చల్లగా, బరువుగా ఉంటుంది, కానీ పెంకులని వాసాలకి బిగించాలి. తాటాకు అన్నిటికంటే చల్లన, అయితే రెండు మూడేళ్లకోసారి మార్చాలి, దీపావళి తారాజువ్వలు గుర్తుంచుకోవాలి. కలప మీద మోజు ఉంటే టేకే మేలు, అదీ కాలికి ఇనప తొడుగు వేసి, మట్టిని తాకకుండా. చెదలు మన నేలలో ఎక్కడైనా ఉంటాయి. నేలకి మాచర్ల వైపు నాపరాళ్లు, పాలిష్ పట్టనివి చాలు. నునుపు రాయి వానకి జారుతుంది, నల్ల రాయి ఎండకి కాలుతుంది.

వట్టివేళ్ల తడకలు, నీటి తుంపర ఫ్యాన్లు పెడదామా అని చాలామంది అడుగుతారు. నీళ్లు ఆవిరైతేనే చల్లదనం, గాలి పొడిగా ఉంటేనే నీళ్లు ఆవిరవుతాయి. పడమటి వడగాడ్పు వీచే రోజు తడక అద్భుతంగా పనిచేస్తుంది. సముద్రం గాలి తిరిగి ఉక్కపోత మొదలైన సాయంత్రం అదే తడక ఉక్కని ఇంకాస్త పెంచుతుంది. అప్పుడు మామూలు ఫ్యానే గతి. ఫ్యాను గాలికి దోమలు కూడా నిలవలేవు.

అనుమతి విషయం. ప్లానులో వదిలిన ఖాళీ జాగా కట్టడాలు లేకుండా ఉంచాల్సిన జాగా. అక్కడ కాంక్రీటు స్తంభాలతో కట్టే ముందు మీ మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. ఇంటి పక్కన 11 కేవీ లైను వెళుతుంటే కట్టడం నుంచి అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్ల దూరం ఉండాలన్నది విద్యుత్ భద్రతా నియమం. డాబా మీద పెట్టాలనుకునేవాళ్లు శ్లాబుకి రంధ్రాలు వేయించవద్దు, నీళ్లు దిగుతాయి. పైగా పైన గాలి ఎక్కువ. కింది స్తంభాలకి సరిగ్గా మీదుగా దిమ్మెలు కట్టించి, ఇంజనీర్ చూసి సరేనన్నాకే నిలబెట్టాలి.

మాది డిసెంబరులో మొదలుపెట్టాం. తుఫానుల కాలం దాదాపు ముగిసి, నేల కాస్త ఆరి, ఎండలు రాకముందు రెండు నెలలు పునాదికి, వెల్డింగుకి మంచి సమయం. ఇప్పుడు అమ్మ కుర్చీ పడమటి వైపుకే తిప్పి ఉంటుంది. ఇంటి నీడ మూడున్నరకే గజెబో మీదికి వచ్చేస్తుంది. అక్టోబరు వచ్చిందంటే ఒక ఆదివారం నేను పానా తీసుకుని పదహారు బోల్టులూ ఒకసారి బిగిస్తాను, రాధామనోహరాన్ని సగానికి కత్తిరిస్తాను. తడిసిన తీగ గుబురు గాలికి తెరచాపలా నిలబడుతుంది కాబట్టి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు తడక విప్పి లోపల పెట్టి, గజెబో మెయిన్ స్విచ్ కట్టేసి, కుర్చీలు వసారాలోకి లాగేస్తాం.